ఉడకని తెలుపు

ఆవె నది ఒడ్డున, మా మిల్లులో
ముప్పై ఒక్క ఏళ్లు
తొంభై ఎనిమిది డిగ్రీల దగ్గర బతికాను.
పేరు అన్సెల్మో. బ్లీచింగు షెడ్డు, రాత్రి షిఫ్టు.
మూత తీయగానే ఆవిరి మొహాన కొట్టేది,
కళ్లద్దాల మీద పాలు ఒలికినట్టయ్యేది.
గుడ్డ తెల్లబడిందో లేదో
చూసేది నేను కాదు, నా వేళ్లు.

కాస్టిక్ సోడా, పెరాక్సైడు, కుతకుతలాడే నీళ్లు:
మాకు తెలిసిన శాస్త్రం అంతే.
గుడ్డ ఏదో చెబుతూనే ఉండేది.
తూకంలో తరుగై చెప్పేది,
అరచేతిలో బిరుసై చెప్పేది,
ఉన్ని కలిసినదైతే పసుపెక్కి,
సాగే దారం కలిసినదైతే
పాత లాగు నాడాలా వదులై చెప్పేది.
మేం దాన్ని నష్టం అనే గడిలో రాసి
సంతకం పెట్టేవాళ్లం.

జనవరిలో ఇరియా వచ్చింది. విజేలా పిల్ల,
ల్యాబు కోటు జేబు నిండా కమలాపళ్లు.
"అరవై అయిదు చాలు" అంది.
బాయిలరు కాసే ఫిర్మీను పకపకా నవ్వాడు:
"ఆ వేడికి నా మోకాళ్ల నొప్పులు కూడా పోవు!"
నేను తెల్లమొహం వేశాను.
ఆమె గుప్పెడు పొడి చూపించింది.
పెరాక్సైడును అరిచి లేపక్కర్లేదట,
ఇది భుజం తట్టి లేపుతుందట.

మొదటిసారి ఓడిపోయాం.
పత్తిగింజ పొట్టు నలకలు
రొట్టె మీద నువ్వుల్లా అలాగే మిగిలాయి.
రెండోసారి పొడి ఎక్కువైంది.
మూడోసారి నీళ్లు పులిశాయి.
ఫోర్‌మన్ ఏమీ అనలేదు, గడియారం చూసుకున్నాడు.
ఇరియా కమలాపండు ఒలిచి సగం నాకిచ్చింది.

ఆ సగం తింటుంటే అమ్మ గుర్తొచ్చింది.
మా అమ్మ బల్బీన నార దుప్పట్లు గడ్డి మీద పరిచేది.
ఎండ పని ఎండ చేసుకునేది,
అమ్మ పని పొద్దస్తమానం నీళ్లు చిలకరించడమే.
రాతికేసి బాదే పొరుగామెను
"దుప్పటి ఏం పాపం చేసింది?" అని అడిగేది.
మా భాషలో ఆ ఆరబోతను కొరార్ అంటారు.
సిగ్గుకి బుగ్గలు ఎర్రబడినా అదే మాట.
ఎర్రబడటం, తెల్లబడటం ఒకటెలా అవుతాయమ్మా అంటే
"రెండూ లోపలినుంచి మెల్లగా వస్తాయిరా" అంది.
లేదు, అలా అనలేదు.
"పోయి బాతుల్ని తోలు" అంది.
మొదటి మాట ఇప్పుడు నేను కల్పించుకున్నది.

మార్చిలో ఒక రాత్రి, నాలుగోసారి.
సగం నూలు, సగం ఉన్ని.
నీళ్లు మరగలేదు. యంత్రం గొంతు మారింది,
నిద్రపోయే పశువు ఊపిరిలా.
ఇది పని చేస్తున్నట్టేనా అని
రెండుసార్లు దానికి చెవి ఆనించాను.
గంట తర్వాత, మిగిలిన పెరాక్సైడును తినేసే ఎంజైము
కాసింత. ఒక్క కడుగు.
మూత తీశాను.
కళ్లద్దాలు సగమే మసకబారాయి.
మిగతా సగంలోంచి
గుడ్డను మొదటిసారి కళ్లతో చూశాను.

పాల తెలుపు కాదు.
మీటరు మీద రెండు పాయింట్లు తక్కువ.
లేతనీలం రంగు కిందికి వెళ్లేది, అది చాలు.
నీటిచుక్క వేస్తే చప్పున తాగేసింది.
లాగాను. చిరగలేదు.
నమ్మకం లేక మళ్లీ లాగాను.
"మీ చేతికి గుడ్డ భాష తెలుసు" అంది ఇరియా.
ఆవిరి లేకుండానే నా చెంపలు కాలాయి.

బయట తెల్లారుతోంది.
మేం ఏ రంగు అద్దితే ఆ రంగున పారిన నది
ఇవాళ దాని రంగులోనే ఉంది, బూడిదగా.
ఫిర్మీను గ్యాసు మీటరు చూసి వచ్చాడు.
"సగం కూడా తిరగలేదు" అన్నాడు.
కాసేపాగి, "మరి నేనేం చెయ్యాలి?" అన్నాడు.
ఈసారి నవ్వలేదు.
దానికి ఇరియా దగ్గర పొడి లేదు.
బల్ల మీద చివరి కమలాపండు ఉంది.
ఒలిచి, సగం అతని చేతిలో పెట్టాను.